పరదేశపు కారు - మన చట్టములు

విదేశములలో కొంతకాలము ఉద్యోగము చేసి స్వదేశమునకు మరలివచ్చువారికి సామాను సర్దుకొనునపుడు ఒక ప్రశ్న తప్పక ఎదురగును. బట్టలు, పుస్తకములు, వంటపాత్రలు ఓడలో వేయవచ్చును. వాకిట నిలిచియున్న కారు సంగతి ఏమి? అక్కడ అమ్మబోయినచో సగము వెలయైనను రాదు. ఇక్కడ అటువంటి కారు కొనవలెనన్న చేతికందదు. పిల్లలు అందులోనే బడికి పోయి వచ్చినారు. దానిపై మమకారము ఉండుట సహజము. పెట్టెబేడాతో పాటు దానిని గూడ ఓడ యెక్కించిన నేమి యని తోచును. ఇంటివద్దనుండి తండ్రిగారు గూడ "తెచ్చుకో నాయనా, మన ఊళ్లో తిరుగుతుంది" అని ఉత్సాహపరచవచ్చును. ఓడకూలి చెల్లించుటకు ముందే ఈ ఉత్సాహమును కొంత ఆపి, చట్టము ఏమి చెప్పుచున్నదో వినుట మంచిది. ఏలయన, కారు ఓడ యెక్కిన పిమ్మట సరిదిద్దుకొనుటకు వీలులేని లోపములు ఇందు కలవు.

మొట్టమొదట గ్రహింపవలసినది, చట్టము దృష్టిలో కారు సామాను కాదు. 1962వ సంవత్సరపు కస్టమ్సు చట్టము తన రెండవ సెక్షనులోనే ప్రయాణికుని సామానునకు అర్థము చెప్పుచు, మోటారు వాహనములు అందులో చేరవని స్పష్టముగా పేర్కొన్నది. విదేశమునుండి నివాసము మార్చుకొని వచ్చువారికి గృహోపకరణముల విషయమున సుంకములో కొంత రాయితీ కలదు. ఆ మాట విని, కారు గూడ గృహోపకరణమే గదా యని పలువురు భ్రమపడుచుందురు. శీతలయంత్రమునకు వర్తించునది కారునకు వర్తింపదు. కారు దిగుమతి సరకు. ఒక పెద్ద వర్తకుడు ఓడనిండుగా సరకు తెప్పించుకొనునపుడు ఏయే చట్టములకు లోబడునో, మీ ఒక్క కారు గూడ ఆ చట్టములకే లోబడును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దశాబ్దములపాటు విదేశపు కారు తెచ్చుకొనుటకు లైసెన్సు కావలసియుండెను. అది దొరకుట గగనకుసుమముగా ఉండెడిది. 2001వ సంవత్సరము ఏప్రిలులో దిగుమతులపై మిగిలియున్న పరిమాణపు ఆంక్షలను ప్రభుత్వము తొలగించినది. తలుపు తెరచుట తప్పనిసరి యైనది గాని, ప్రపంచములోని పాతకార్లన్నియు వచ్చి మన రేవులలో గుట్టలు పడునేమో యను శంక కూడ వెన్నంటియే పుట్టినది. ఇతర దేశములవారు వాడి పారవేసిన బండ్లు చౌకగా వచ్చి, మన వీధులలో పొగ చిమ్ముచు, ఇక్కడి కర్మాగారములలో పనిచేయువారి పొట్టకొట్టునని వాదించినవారు ఆనాడు చాలమంది కలరు. పాతకార్లపై విధించిన నిబంధనలు ఆ శంకనుండి జనించినవే. వానిని చదువునపుడు ఈ సంగతి గుర్తుంచుకొన్నచో, ఇంత కఠినముగా ఎందుకున్నవో తెలియగలదు.

ఈ నిబంధనలు విదేశీ వాణిజ్య డైరెక్టరు జనరలు ప్రకటించు దిగుమతి విధానములో 87వ అధ్యాయము క్రింద ఉన్నవి. అవి కొత్తకారునకు వేరు, వాడిన కారునకు వేరు. కొత్తకారనగా దిగుమతికి పూర్వము అమ్ముడుపోనిది, అద్దెకు పోనిది, ఏ దేశమునందును రిజిస్టరు కానిది. విదేశమున ఒక్కదినము రిజిస్టరు చేసి, కప్పిన గుడ్డ తీయకుండ కొట్టులో ఉంచినను, చట్టము దానిని పాతకారుగానే పరిగణించును. కావున మరలివచ్చు గృహస్థునికి సంబంధించినవి సాధారణముగా పాతకార్ల నిబంధనలే.

అందులో ముఖ్యమైనది స్టీరింగు చక్రమునకు సంబంధించినది. మన దేశమున వాహనములు రోడ్డునకు ఎడమప్రక్కగా నడచును గనుక చక్రము కుడివైపున ఉండవలెను. ఈ ఒక్క వాక్యముతో ఎందరి కోరికలో అక్కడికక్కడే ముగియుచున్నవి. అమెరికాలో, కెనడాలో వాహనములు కుడిప్రక్కగా నడచును; అక్కడి కార్లకు చక్రము ఎడమవైపున ఉండును. సౌదీ అరేబియా, కువైటు, కటారు, ఒమాను, బహ్రెయిను, ఐక్య అరబ్బు ఎమిరేట్సు - మనవారు బ్రదుకుతెరువునకై పోవు గల్ఫు దేశములన్నియు అంతే. జర్మనీయు అంతే. అనగా ఈ దినములలో తెలుగువారు అత్యధికముగా పోవు దేశములలో వాడుకొన్న కారును, దాని వెల యెంతైనను, దానిపై ప్రేమ యెంతైనను, మన రేవునకు తెచ్చుటకు వీలులేదు.

ఇందులో ఒక విచిత్రము కలదు. మన పూర్వులు ఆంగ్లేయుల కాలములో ఓడలెక్కి పోయిన మారిషసు, ఫిజీ, మలయా, దక్షిణాఫ్రికా - ఇవన్నియు నేటికిని ఎడమప్రక్క నడచు దేశములే. రంగూను నగరము గూడ అట్లే ఉండెడిది. బర్మా ప్రభుత్వము 1970లో కుడిప్రక్కకు మార్చినది. ఆనాడు చెరకుతోటలకు, రబ్బరుతోటలకు పోయిన కూలీకి కారు లేదు. ఈనాడు కారున్నవాడు పోయిన దేశమున చక్రము మరియొక వైపున ఉన్నది. బ్రిటను, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, సింగపూరు, జపాను మొదలగు కొలది దేశములనుండి వచ్చువారికి మాత్రమే ఈ మొదటి వాకిలి తెరచియున్నది.

చక్రమును ఎడమనుండి కుడికి మార్పించుకొనవచ్చును గదా యని యడుగువారు కలరు. చక్రమొక్కటి మార్చినచో చాలదు. గేరు, పెడలు, బ్రేకుల అమరిక, ముందుదీపములు, అద్దములు అన్నియు ఒక వైపునకు తగినట్లు రూపొందింపబడియుండును. ప్రమాదము జరిగినపుడు ఉబ్బి కాపాడు గాలిసంచులు గూడ చక్రములోనే ఇమిడియుండును. అట్లు విడదీసి మరల కూర్చిన కారు, తయారైననాటి ధ్రువపత్రమునకు సరిపోవుట కష్టము. ఆ ధ్రువపత్రము లేనిదే పని జరుగదు.

మరికొందరు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో 120వ సెక్షనును చూపుదురు. ఎడమవైపు చక్రము గల వాహనమునకు నిర్ణీతమైన సంజ్ఞాపరికరము పనిచేయు స్థితిలో ఉన్నచో బహిరంగస్థలములలో నడుపవచ్చునని అందు కలదు. నిజమే. అది రోడ్డుపై నడుపుటను గూర్చిన మాట; ఓడనుండి దించుకొనుటకు అనుమతి కాదు.

ముందుదీపములను గూర్చి కొంత చెప్పవలెను. ఏలయన ఈ నిబంధనను చదివినవారు దీనిని వట్టి చాదస్తమని తలచుచుందురు. దీపమును దించినపుడు వెలుగు రెండువైపులకును సమానముగా పడదు. ఎడమప్రక్క నడచు దేశములలో ఆ వెలుగు ఎడమ అంచునకు దూరముగా పారును. అచ్చట పాదచారి, సైకిలువాడు, ఎద్దుబండి కనబడవలెను గదా. కుడివైపున మాత్రము వెలుగు తగ్గియుండును, ఎదుట వచ్చువాని కన్ను చెదరకుండుటకు. కుడిప్రక్క నడచు దేశమునకై చేసిన దీపమును తెచ్చి మన రోడ్డుమీద వెలిగించినచో అంతయు తారుమారగును. రాత్రివేళ విజయవాడ రహదారిపై ఎదురు వచ్చు బండి దీపములకు కన్నులు మూసికొన్న అనుభవము గలవారికి దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. అట్లే స్పీడామీటరు వేగమును కిలోమీటర్లలో చూపవలెను. బ్రిటనులో మైళ్ల లెక్క ఇంకను వాడుకలో ఉన్నందున, అక్కడినుండి వచ్చువారు ఈ సంగతిని ప్రత్యేకముగా చూచుకొనవలెను.

ఇక వయస్సు. వాడిన కారు తయారైన తేదీనుండి మూడు సంవత్సరములు దాటియుండరాదు. కొన్న తేదీ కాదు, తయారైన తేదీ. రెండేండ్ల క్రిందట కొన్నామని ధైర్యముగా నుండుట తగదు; కొనుటకు ముందు అది అంగడిలో ఏడాది నిలిచియుండిన నేమి చేయుదురు? పైగా ఓడప్రయాణమునకు పట్టు వారములను గూడ లెక్కింపవలెను. దిగుమతి చేసిన నాటినుండి అయిదు సంవత్సరములపాటు కారు రోడ్డుపై నడచుటకు యోగ్యముగా నుండుననియు, అంతకాలము మరమ్మతు సౌకర్యము మన దేశములోనే లభించుననియు దిగుమతిదారు హామీ ఈయవలెను. దీనికి పరీక్షాసంస్థ ఇచ్చిన ధ్రువపత్రము తోడుగా నుండవలెను. ఓడ యెక్కించుటకు ముందే ఆ దేశమున పరీక్ష జరిపించి, మన మోటారు వాహనముల చట్టమునకును, నియమములకును అనుగుణముగా నున్నదను పత్రము తీసికొనవలెను. వచ్చిన పిమ్మట మరల ఇక్కడ పరీక్ష. పూనాలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషను ఇట్టి పరీక్షలు చేయు సంస్థలలో ఒకటి.

వాడిన కారు దిగవలసిన రేవు ముంబయి ఒక్కటియే. విశాఖపట్టణము మనది, కృష్ణపట్టణము మనది, చెన్నపట్టణము చేరువలోనిది. అయినను వానిలో దింపుటకు వీలులేదు. నెల్లూరువాసి తన కారును ముంబయిలో దించుకొని, పరీక్షలు జరిపించి, అచ్చటినుండి ఇంటికి తెచ్చుకొనవలెను. ఇది దూరాభారమే. ఒకే రేవులో ఉన్నచో కన్నువేసి చూచుట సులభమని ప్రభుత్వము భావించినది కాబోలు. నా మట్టుకు, ఇన్ని పరీక్షలు విధించిన తరువాత రేవును గూడ ఒక్కదానికే పరిమితము చేయుట అవసరమునకు మించిన జాగ్రత్తయని తోచును.

ఇన్ని వాకిళ్లు దాటిన పిమ్మట సుంకము వచ్చును. ఇది సావధానముగా వినవలసిన భాగము. కాగితము, కలము చేతనున్నచో మరియు మేలు.

మెల్బోర్నునుండి మరలివచ్చు ఒక గృహస్థును ఊహించుకొందము. ఆయన కారు సరిగా రెండేండ్లనాటిది. కొత్తగా ఉన్నపుడు దాని వెల మన లెక్కలో 20 లక్షల రూపాయలు. సుంకమునకు విలువ కట్టునపుడు అధికారులు తయారుచేసినవారి కొత్తవెలనుండి తరుగుదల తీసివేయుదురు: మొదటి యేడు మూడు నెలలకు 4 శాతము చొప్పున 16 శాతము, రెండవ యేడు 12 శాతము, మూడవ యేడు 10 శాతము. మన గృహస్థునికి 28 శాతము పోగా 14 లక్షల 40 వేలు నిలుచును. తెలిసినవారియొద్ద చౌకగా కొంటినని రసీదు చూపినంతమాత్రమున లెక్క తగ్గదు. దీనికి ఓడకూలి, బీమా చేర్చవలెను. అవి ఒక లక్ష 60 వేలు అనుకొందము. మొత్తము విలువ 16 లక్షలు.

2025 ఫిబ్రవరి బడ్జెట్టునకు పూర్వము వాడిన కారుపై మూలసుంకము 125 శాతము, దానిపై పదవవంతు సాంఘిక సంక్షేమపు సర్ ఛార్జి. వెరసి నూట ముప్పది యేడున్నర శాతము. ఆ బడ్జెట్టులో మూలసుంకమును 70 శాతమునకు తగ్గించినారని విని పలువురు సంతోషించిరి. అదే చేతితో వ్యవసాయ సౌకర్యాభివృద్ధి సెస్సు పేర అరువది యేడున్నర శాతము చేర్చి, సర్ ఛార్జిని తీసివేసినారు. కూడి చూచినచో మరల నూట ముప్పది యేడున్నరయే. పేరు మారినది, బరువు మారలేదు.

16 లక్షల మీద ఈ లెక్కన 22 లక్షలు. రెండును కలిపి 38 లక్షలు. ఈ 38 లక్షల మీద మరల వస్తుసేవల పన్ను పడును. అనగా సుంకము మీద గూడ పన్నే. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి అమలైన మార్పుల ప్రకారము పెద్దకార్లపై ఇది 40 శాతము. అది 15 లక్షల 20 వేలు. పన్నులన్నియు 37 లక్షల 20 వేలు. కారు విలువయో 16 లక్షలు. అసలుకంటె వడ్డీ ముద్దు అనుట మనుమల విషయమున చెల్లును గాని, ఇచ్చట చెల్లునా? కారు చిన్నదై, నాలుగు మీటర్లకు మించని పొడవును, పెట్రోలుదైనచో 1200 సి.సి.కి మించని యంత్రమును గలదైనచో 40 బదులు 18 శాతమే. అప్పటికిని పన్నులు 28 లక్షల 84 వేలగును.

ఈ రేట్లు బడ్జెట్టు బడ్జెట్టునకు మారవచ్చును. వర్తించునది కారు కొన్ననాటి రేటు కాదు, ఓడ యెక్కించిననాటి రేటును కాదు. రేవులో బిల్ ఆఫ్ ఎంట్రీ అను దిగుమతి పత్రము దాఖలు చేసిననాటి రేటు. ఓడ రాకముందే ఆ పత్రము దాఖలైనచో ఓడకు ప్రవేశము లభించిననాటి రేటు. జనవరి మాసాంతమున ఓడ యెక్కించువారు ఫిబ్రవరి మొదటి తేదీని మరువరాదు. రూపాయి మారకపు విలువ గూడ కస్టమ్సు బోర్డు ప్రకటించినదే లెక్క. బ్యాంకులో మీరు పొందిన విలువ కాదు.

నిబంధనలకు సరిపడని కారు తెలియక వచ్చినదనుకొందము. అప్పుడేమగును? కస్టమ్సు చట్టము 111వ సెక్షను ప్రకారము దానిని జప్తు చేయవచ్చును. 112వ సెక్షను క్రింద తెచ్చినవానిపై జరిమానా విధింపవచ్చును. 125వ సెక్షను క్రింద జప్తునకు బదులు అపరాధ రుసుము కట్టి విడిపించుకొను అవకాశమును అధికారి ఈయవచ్చును. నిషిద్ధమైన సరకు విషయమున అట్లు ఇచ్చి తీరవలెనని నియమము లేదు. ఇచ్చినను ఆ రుసుము సుంకమునకు అదనమే. ఈ తర్జనభర్జనలు జరుగుచున్నంతకాలము రేవులో స్థలపు అద్దె దినదినము పెరుగుచుండును. దించిన 30 దినములలోపల విడిపించుకొనని సరకును నోటీసు ఇచ్చి, అధికారుల అనుమతితో వేలము వేయుటకు 48వ సెక్షను వీలు కల్పించుచున్నది. కన్నబిడ్డవలె చూచుకొన్న కారు వేలములో ఎవరి పాలగునో! "ముందు పంపుడు, తరువాత చూచుకొందము" అని ఏజంటు ఎవరైన చెప్పినచో, ఆ మాటను కాగితముపై వ్రాసి యిమ్మని యడుగవలెను. చాలమంది వ్రాసి ఈయరు.

తాము తెచ్చుకొనక, ఇతరులు తెచ్చిన విదేశపు కారును ఇక్కడ కొనువారికి గూడ ఒక మాట. 2025 సెప్టెంబరులో కేరళ రాష్ట్రమున కస్టమ్సు శాఖవారు నుమ్ఖోర్ అను పేర విస్తృతమైన తనిఖీలు జరిపి, భూటాను మీదుగా అక్రమముగా వచ్చినవను అనుమానముపై పలు ఖరీదైన వాహనములను స్వాధీనపరచుకొన్నారు. అవి రిజిస్టరై, చేతులు మారి, వీధులలో తిరుగుచున్నవే. నంబరు పలక ఉన్నంతమాత్రమున సుంకము చెల్లినట్లు కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు చూపుమని యడుగుడు; అందులోని చాసిస్ నంబరును బండిమీది నంబరుతో అక్షరమక్షరము పోల్చి చూడుడు. ఖరీదు మరీ చౌకగా కనిపించినచో రెండుసార్లు పోల్చుడు.

సుంకము చెల్లించి బయటపడిన కారునకు ఇక్కడి రిజిస్ట్రేషను జరుగవలెను. విదేశపు నంబరుతో తిరుగుట చెల్లదు. 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నియమములలో 47వ నియమము ప్రకారము, 20వ నమూనాలో దరఖాస్తు పెట్టి, కస్టమ్సువారు విడుదల చేసిన పత్రమును దానికి జతపరుపవలెను. మూడవ వ్యక్తికి కలుగు నష్టమునకు బీమా తప్పనిసరి. జీవితకాలపు పన్ను రాష్ట్రమునకు చెందినది. ఆంధ్రప్రదేశమున ఒక తీరు, తెలంగాణమున ఒక తీరు. కారు ఏ ఊరిలో ఉండునో ఆ ప్రాంతపు రవాణా కార్యాలయమున ముందుగా విచారించుకొని, ఆ మొత్తమును గూడ మన లెక్కకు చివరన చేర్చుకొనవలెను.

శాశ్వతముగా గాక, దేశము చూచిపోవుటకు సొంతకారులో వచ్చువారికి మాత్రము మార్గము వేరు. 1954లో న్యూయార్కున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము ననుసరించి, కార్నే అను పత్రముపై కారును సుంకము లేకుండ తాత్కాలికముగా తేవచ్చును. దీనిని వారి దేశపు మోటారు సంఘము ధరావతు తీసికొని ఇచ్చును. పత్రమునకు ఒక సంవత్సరము కాలపరిమితి. మన దేశమున సామాన్యముగా ఆరు నెలలలోపల కారును తిరిగి వెలుపలికి తీసికొనిపోవలెను. వచ్చునపుడు, పోవునపుడు రెండు ముద్రలును పడవలెను. లండనునుండి భూమార్గమున బయలుదేరి సరిహద్దులు దాటుచు వచ్చు సాహసికులు ఈ పత్రముతోనే వత్తురు. వారి రిజిస్ట్రేషను పత్రము, లైసెన్సు, బీమా, కాలుష్యపత్రము ఎల్లవేళల బండిలో ఉండవలెననియు, ఆ పత్రములు ఆంగ్లమున లేనిచో అధికారికమైన ఆంగ్లానువాదము జతగా ఉండవలెననియు 2022లో ప్రత్యేక నియమములు వెలువడినవి. గడువు దాటినను కారు ఇక్కడనే నిలిచిపోయినచో, పూచీపడిన మోటారు సంఘము సుంకము చెల్లించుకొనవలసివచ్చును. ఆ సంఘము తన సొమ్మును యజమాని కట్టిన ధరావతునుండి రాబట్టుకొనును.